పెన్ను వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి

రైటింగ్ సెంటర్ నుంచి మెయిల్ వచ్చింది. మిమ్మల్ని పీర్ ట్యూటర్‌గా తీసుకున్నారు. ఇంటికి ఫోన్ చేస్తే, “అంటే అక్కడ ట్యూషన్లు చెప్తావా?” అని అమ్మ అడిగింది. ఔనని గట్టిగా చెప్పలేకపోయారు. ఫోన్ పెట్టేశాక గుబులు మొదలైంది. ఇంటర్ అంతా ఎంసెట్ బిట్లతో గడిచిపోయింది. బీటెక్‌లో రికార్డులు, పరీక్ష పేపర్లు తప్ప పెద్దగా రాసింది లేదు. రాయడం నేర్చుకున్నదంతా అమెరికా వచ్చాకే. పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషే మాట్లాడుతున్న కుర్రాడు ఎదురుగా కూర్చుని పేపర్ చేతికిస్తే, వాడికి నేనేం చెప్పగలను?

చెప్పగలరు. మీ రాతను చూసి, మీ ప్రొఫెసర్‌ను అడిగి, మీతో మాట్లాడాకే ఈ పని ఇచ్చారు. పైగా మీ భయానికి కారణం వేరే ఉంది. ట్యూటర్ అంటే తప్పులు పట్టేవాడని మీరు అనుకుంటున్నారు. ఎర్ర ఇంకు పెన్నుతో దిద్దిన పేపర్లు చూస్తూ పెరిగిన మనకి అలా అనిపించడం సహజమే. రైటింగ్ సెంటర్‌లో పని అది కాదు.

అసలు పని ఏమిటో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. న్యూయార్క్ నగరపు ప్రభుత్వ విశ్వవిద్యాలయం 1970లో తలుపులు బార్లా తెరిచింది. నగరంలో హైస్కూలు పాసైన వాళ్లందరికీ సీటు ఇచ్చింది. కాలేజీ చదువుకి సిద్ధంగా లేని విద్యార్థులు పెద్ద సంఖ్యలో వచ్చారు. వాళ్లకి ప్రొఫెసర్లు సాయం చేస్తామన్నా చాలామంది ముందుకు రాలేదు. సాటి విద్యార్థి పక్కన కూర్చుంటే మాత్రం నోరు విప్పారు. అక్కడి బ్రూక్లిన్ కాలేజీలో కెన్నెత్ బ్రఫీ అనే అధ్యాపకుడు ఈ పద్ధతిని పట్టుకుని పెంచారు. 1984లో స్టీఫెన్ నార్త్ రైటింగ్ సెంటర్ల గురించి రాసిన ఒక వ్యాసం ఈ రంగానికి దారి చూపింది. ట్యూటర్ బాగుచేయాల్సింది పేపర్‌ను కాదు, రాసే మనిషిని అన్నది దాని సారం. సిద్ధాంతం ఇంతవరకు చాలు. రేపు ఉదయం పది గంటలకు మీ ఎదురుగా ఒక మనిషి కూర్చుంటారు. ఏం చేయాలో చూద్దాం.

1. మొదటి ఐదు నిమిషాలు పేపర్ జోలికి వెళ్లకండి

ముందు కుర్చీ సంగతి. ఎదురెదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూలా ఉంటుంది. పక్కపక్కన కూర్చోండి. ల్యాప్‌టాప్ గానీ కాగితం గానీ వాళ్ల ముందే ఉండాలి. పెన్ను వాళ్ల దగ్గరే ఉండాలి. కొత్త ట్యూటర్లు తెలియకుండానే చేసే పని ఒకటుంది. “ఏదీ, ఒకసారి చూద్దాం” అంటూ ల్యాప్‌టాప్ తమవైపు లాక్కుంటారు. ఆ క్షణంలో పేపర్ చేతులు మారిపోతుంది. రాసిన మనిషి వెనక్కి వాలి ఫోన్ చూసుకోవడం మొదలుపెడతారు. ఆ తర్వాత మీరెంత బాగా చెప్పినా వినేవాళ్లు ఉండరు.

అడగాల్సినవి తక్కువే. ఏ క్లాసు కోసం రాస్తున్నారు? ఎప్పుడు ఇవ్వాలి? ప్రొఫెసర్ ఇచ్చిన ప్రశ్నాపత్రం, అదే ప్రాంప్ట్, తెచ్చారా? ఇవాళ ఏ విషయంలో సాయం కావాలి? వీటిలో గడువు అన్నిటికన్నా ముఖ్యం. వచ్చే వారం ఇవ్వాల్సిన పేపర్‌కి చెప్పే మాట వేరు, ఇవాళ సాయంత్రం ఇవ్వాల్సిన దానికి చెప్పే మాట వేరు.

ప్రాంప్ట్‌ను వాళ్లనే చదవమనండి. “రెండు వ్యాసాలను పోల్చి, మీకు ఏది నమ్మదగ్గదిగా అనిపించిందో కారణాలతో రాయండి” అని ఉంటుంది. పేపర్ చూస్తే రెండు వ్యాసాల సారాంశం తప్ప ఏమీ ఉండదు. ప్రాంప్ట్‌ను పైకి చదివేటప్పుడే సగంమంది ఆగిపోయి, “అయ్యో, నా అభిప్రాయం రాయనే లేదు” అంటారు. మీరు నోరు మెదపకుండానే పెద్ద పని అయిపోయింది.

2. పేపర్‌ను పైకి చదివించండి

కంటితో చదివితే మెదడు తప్పుల్ని సర్దేసుకుంటుంది, చెవి అలా సర్దుకోదు. రాసినవాళ్లు తమ వాక్యం తామే వింటూ “ఇది ఏదో తేడాగా ఉంది” అని పెన్ను అందుకోవడం మీరు రోజూ చూస్తారు.

ఒక్క జాగ్రత్త. ఇంగ్లీషు రెండో భాషగా నేర్చుకున్నవాళ్లని పైకి చదవమంటే ధ్యాసంతా ఉచ్చారణ మీదికి పోతుంది, రాసింది వినిపించదు. వాళ్లకి మీరు చదివి పెట్టండి. ఎవరు చదవాలన్నది మీరు తేల్చకండి, వాళ్లనే అడగండి. మీరు చదివేటప్పుడు కాగితం మీద ఉన్నదే చదవండి. తప్పును నోటితో సరిచేసి చదివేస్తే వాళ్లకి ఏమీ తెలియదు.

3. పెద్దవి ముందు, చిన్నవి తర్వాత

ఈ అధ్యాయంలో ఒక్క సూచనే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ప్రాంప్ట్‌కి జవాబు ఉందా? వాదన ఏమిటి? పేరాలు ఒకదాని వెనక ఒకటి సరిగ్గా నడుస్తున్నాయా? చెప్పినదానికి ఆధారం చూపించారా? ఇవి ముందు. వాక్యాలు, కామాలు, సైటేషన్లు తర్వాత.

వచ్చేవాళ్లు మాత్రం తరచూ తలకిందులుగా అడుగుతారు. “గ్రామర్ ఒక్కటి చూడండి చాలు” అంటారు. అంటే ఏం చేస్తారు మీరు?

ఒక సందర్భం ఊహించుకోండి. నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి వచ్చింది. కాంపోజిషన్ క్లాసుకి ఐదు పేజీల వాదనా వ్యాసం రాసింది. గ్రామర్ చూస్తే చాలంది. గడువు ఇంకా నాలుగు రోజులుంది. మొదటి పేరా చివర తన వాదన రాసుకుంది: నర్సుల కొరత ఆరోగ్య రంగంలో చాలా తీవ్రమైన సమస్య, దాన్ని వెంటనే పరిష్కరించాలి. ఆ వాక్యంలో గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు. కానీ దాన్ని కాదనే మనిషి లోకంలో ఉన్నాడా? కాదనేవాడే లేనప్పుడు అది వాదన ఎలా అవుతుంది?

“నీ థీసిస్ బలహీనంగా ఉంది” అని చెప్పేస్తే ఒక నిమిషంలో అయిపోతుంది. ఆమె మొహం కూడా అంతే త్వరగా మాడిపోతుంది. అలా అనకుండా ఇలా మాట్లాడి చూడండి.

“ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నావు?”

“క్లినికల్స్‌కి వెళ్లిన వార్డులో ఒకే నర్సు ఎనిమిది మంది రోగుల్ని చూసుకుంటోంది. మందులిచ్చే టైము తప్పిపోతోంది.”

“ఒక నర్సు ఎంతమందిని చూడాలో ఎక్కడైనా హద్దు పెట్టారా?”

“కాలిఫోర్నియాలో పెట్టారు. 1999లో చట్టం చేశారు, 2004 నుంచి అమలు చేశారు. మామూలు వార్డుల్లో ఇప్పుడు ఒక నర్సుకి ఐదుగురికి మించకూడదు.”

“అది నీ పేపర్లో ఎక్కడుంది?”

“నాలుగో పేజీలో.”

“మన రాష్ట్రంలోనూ అలాంటి చట్టం కావాలంటే వద్దనేదెవరు?”

“ఆసుపత్రుల యాజమాన్యాలు. ఖర్చు పెరుగుతుందంటాయి. పల్లెటూళ్లలో అంతమంది నర్సులు దొరకరంటాయి.”

“ఇప్పుడు నాతో అన్న మాటల్నే ఒక వాక్యంలో రాయగలవా?”

ఆమె పెన్ను తీసింది. కొట్టేసింది, మళ్లీ రాసింది. ఈసారి రాసిన వాక్యంలో రెండు గ్రామర్ తప్పులున్నాయి. అయినా దాంట్లో ఒక పక్షం ఉంది, అవతలి పక్షం ఉంది, ఆధారం ఉంది. నాలుగో పేజీలో దాక్కున్న విషయం ముందుకొచ్చింది. మొదటి రెండు పేజీలు ఎలాగూ మార్చాలని ఆమెకే అర్థమైంది. వచ్చీ రాగానే మీరు ఆ రెండు పేజీల్లో కామాలు సరిచేసి ఉంటే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

గమనించారా? కాలిఫోర్నియా చట్టం గురించి మీకేమీ తెలియక్కర్లేకపోయింది. తెలిసిన మనిషి పక్కనే ఉంది. “నాకు తెలియని సబ్జెక్టు వస్తే ఎలా?” అని కంగారుపడేవాళ్లందరికీ చెప్తున్నాను, తెలియకపోవడం ఇక్కడ అక్కరకొస్తుంది. నిజంగా తెలియకే అడుగుతారు కాబట్టి ప్రశ్న సూటిగా వస్తుంది.

అయితే ఆమె గ్రామర్ అడిగిన మాటను గాలికి వదిలేయకండి. “చివరి పది నిమిషాలు వాక్యాలకి ఉంచుదాం, సరేనా?” అని మొదట్లోనే చెప్పండి. మాట ఇచ్చాక నిలబెట్టుకోండి. గడియారం చూసుకోకుండా సెషన్ నడిపి, అడిగింది ఇవ్వకుండా పంపేస్తే ఆ మనిషి మళ్లీ రారు.

4. ప్రశ్న వేశాక నోరు కట్టేసుకోండి

“ఇక్కడ నువ్వు చెప్పదలచుకున్నది ధరలు పెరిగాయనే కదా?” అని అడిగితే ఎవరైనా ఏమంటారు? ఔననే అంటారు. అది ప్రశ్న వేషం వేసుకున్న జవాబు. “ఈ పేరా చదివినవాళ్లు ఏం పట్టుకుని వెళ్లాలి?”, “దీన్ని ఒప్పుకోని మనిషి ఏమంటాడు?”, “ఈ వాక్యానికీ పై వాక్యానికీ ఏమిటి సంబంధం?” అని అడగండి. ఔను, కాదు అని తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్నలివి.

అడిగాక ఆగండి. కొత్త ట్యూటర్లకి ఇదే అన్నిటికన్నా కష్టం. రెండు సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే మనకి ప్రాణం మీదికొస్తుంది, జవాబు మనమే అందించేస్తాం. అవతలి మనిషి ఆలోచిస్తున్నారు, వాళ్ల ఆలోచనకి అడ్డుపడకండి. మనసులో పది వరకు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే అదే ప్రశ్న ఇంకో రకంగా అడగండి. “నేను కాస్త నీళ్లు తెచ్చుకుంటాను, ఈలోగా నీకు తోచింది రాస్తూ ఉండు” అని లేచి వెళ్లడం కూడా మంచి ఉపాయం. మనిషి పక్కన లేకపోతే చేయి కదిలేవాళ్లు చాలామంది ఉంటారు.

5. ప్రతి తప్పూ దిద్దకండి, వరస పట్టుకోండి

ఒక పేజీలో ఇరవై తప్పులుంటే అవి ఇరవై రకాల తప్పులు కావు. చూస్తే రెండు మూడు రకాలే తేలతాయి. వాటిలో చదివేవాళ్లకి అర్థం అడ్డుకునేది ఏదో చూసి, ముందు దాన్ని తీసుకోండి. మొదటి రెండు చోట్ల మీరు చూపించి, కారణం చెప్పండి. తర్వాతి పేరాలో వాళ్లనే వెతకమనండి. ఆ పేరాలో ఒక్కటి వాళ్లంతట వాళ్లే పట్టుకున్నా సెషన్ ఫలించినట్టే.

ఇక్కడ మీకున్న బలం గురించి చెప్పాలి. ‘ఎ’, ‘ద’ ఎక్కడ పెట్టాలో ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్న ట్యూటర్‌ని అడగండి. “ఇలా అంటేనే బాగుంటుంది” అంటారు. వాళ్లు నియమంతో నేర్చుకోలేదు కాబట్టి నియమం చెప్పలేరు. మీరు కూర్చుని నేర్చుకున్నారు. అంతకుముందు చెప్పిన వస్తువా, మొదటిసారి వస్తున్నదా, లెక్కపెట్టగలిగేదా కాదా అని ఒక్కొక్క మెట్టుగా చెప్పగలరు. చైనా నుంచో వియత్నాం నుంచో వచ్చిన విద్యార్థికి ఆ వివరణ ఎంత విలువైందో మొదటి వారంలోనే మీకు తెలుస్తుంది.

అలాగని అన్నీ ప్రశ్నలతోనే రాబట్టాలని పట్టుబట్టకండి. ట్యూటర్ వీలైనంత తక్కువ చెప్పాలి, పనంతా విద్యార్థే చేయాలి అనే పద్ధతిని 1991లో జెఫ్ బ్రూక్స్ గట్టిగా ప్రతిపాదించారు. నాలుగేళ్లకే దానిమీద విమర్శలూ వచ్చాయి. నా మాట అడిగితే, ఆలోచిస్తే దొరికేది అడగండి, ఎంత ఆలోచించినా దొరకనిది చెప్పేయండి. ఏ క్రియ పక్కన ఏ ప్రిపోజిషన్ వస్తుందో ఎవరూ ఆలోచించి కనుక్కోలేరు. ఏపీఏ పద్ధతిలో పుస్తకం వివరాలు ఎలా రాయాలో అంతకన్నా కనుక్కోలేరు. అలాంటప్పుడు పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ల ఉచిత వెబ్‌సైట్, అందరూ ‘ఔల్’ అని పిలిచేది, వాళ్ల ల్యాప్‌టాప్‌లోనే తెరిపించండి. మొదటిది కలిసి చేయండి, రెండోది వాళ్లని చేయమనండి.

6. ఇరుకున పెట్టే సందర్భాలు

‘రెండు గంటల్లో అప్‌లోడ్ చేయాలి.’ వాదన మార్చమని చెప్పే సమయం ఇది కాదు. ప్రాంప్ట్ అడిగినవన్నీ పేపర్లో ఉన్నాయో లేదో సరిచూసి, రెండు గంటల్లో అయ్యే పనులు రెండు తేల్చండి. ఆలస్యంగా వచ్చావని మందలించకండి. ఆ సంగతి వాళ్లకి మీకన్నా బాగా తెలుసు.

‘ప్రొఫెసర్‌కి నేనంటే పడదు.’ పేపర్ నిండా వ్యాఖ్యలు, పైన సీ గ్రేడు. కళ్లలో నీళ్లు. ఒక నిమిషం మాట్లాడనివ్వండి. ప్రొఫెసర్‌ను తప్పుపట్టకండి, వెనకేసుకురావద్దు కూడా. “ఈ వ్యాఖ్యల్లో నీకు అర్థమైనవేవి, కానివేవి?” అని రెండు కుప్పలు చేయించండి. కానివాటిని ఆఫీస్ అవర్స్‌లో అడగడానికి ప్రశ్నలుగా మార్చి రాయించండి. గ్రేడు ఎంత రావొచ్చో మాత్రం ఎవరడిగినా చెప్పకండి. “ఇది ఏ గ్రేడు పేపరే” అని నోరు జారితే, బీ వచ్చిన రోజు మీ మాట మీద నమ్మకం పోతుంది.

‘ఏఐతో రాయించారేమో అనిపిస్తోంది.’ మీరు పోలీసు కాదు. “ఈ పేరా నీ మాటల్లో చెప్పు, వింటాను” అనండి. చెప్పగలిగితే ఆ మాటల్నే రాయమనండి. చెప్పలేకపోతే ఆ క్లాసు సిలబస్‌లో ఏఐ గురించి ఏముందో కలిసి చదవండి. ఒక ప్రొఫెసర్ ఒప్పుకున్నది ఇంకొకరు ఒప్పుకోకపోవచ్చు.

ఇక మనవాళ్లు. అమెరికా క్యాంపస్‌లో తెలుగు ట్యూటర్‌కి ఇది తప్పదు. అపాయింట్‌మెంట్ లేకుండా, రాత్రి పదకొండుకి, అపార్ట్‌మెంట్ తలుపు కొట్టి వస్తారు. “అన్నా, ఒక్కసారి చూసి దిద్దిపెట్టవా, రేపే సబ్మిషన్” అని తమ్ముడిలాంటి వాడు అడిగితే కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఊళ్లో సీనియర్ రికార్డు చూసి రాసుకోవడం సాయంగానే చెల్లిపోయింది. ఇక్కడ అదే పని ప్లేజియరిజం కేసవుతుంది, రాయించుకున్నవాడికీ రాసిపెట్టినవాడికీ. పైగా అరటిపండు ఒలిచి నోట్లో పెడితే వాడికి వచ్చే సెమిస్టర్‌లోనూ మీరే కావాలి.

ఏం చెప్పాలి? “దిద్దిపెట్టను తమ్ముడూ, కానీ కూర్చో, పైకి చదువు” అనండి. తెలుగులో మాట్లాడండి, నిక్షేపంగా మాట్లాడండి. వాదన తెలుగులో స్పష్టమైతే ఇంగ్లీషులోకి వాడే తెచ్చుకోగలడు. “అసలు నువ్వు చెప్పేదేంటిరా?” అన్న ఒక్క ప్రశ్నకి తెలుగులో గడగడా వచ్చే జవాబు, ఇంగ్లీషులో రెండు పేజీలు రాసినా దొరకని సందర్భాలు ఎన్నో. అరగంట ఇచ్చి, “రేపు సెంటర్‌కి అపాయింట్‌మెంట్ పెట్టుకుని రా” అని పంపండి. మీ ఊరివాడు కదా అని మరో ట్యూటర్ దగ్గరికి వెళ్లమనడం ఇంకా మంచిది, అక్కడ మొహమాటం ఉండదు.

ఉద్యోగానికి సంబంధించి రెండు మాటలు. ఎఫ్-1 వీసా మీద ఉంటే సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్ పనులన్నీ కలిపి వారానికి 20 గంటలు దాటకూడదు. లైబ్రరీలోనో క్యాంటీన్‌లోనో ఇంకో పని చేస్తుంటే ఆ గంటలూ అందులోకే వస్తాయి. ఇక, మీ దగ్గరికి ఎవరు వచ్చారో, ఏం రాశారో బయట మాట్లాడకండి, రూమ్మేట్ల దగ్గర నవ్వుతాలుకి కూడా. తడబడిన వాక్యాన్ని మీ ముందు పెట్టడానికి వాళ్లు ఎంత ధైర్యం తెచ్చుకుని వచ్చారో తలుచుకోండి.

ఇండియాలోనే చదువుతున్నవాళ్లకీ ఈ అవకాశం వస్తోంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలోని క్రియా యూనివర్సిటీలో, హర్యానాలోని అశోకాలో రాత కోసం ప్రత్యేక కేంద్రాలున్నాయి. మీ కాలేజీలో లేకపోతే ఒక బల్ల, రెండు కుర్చీలు, వారానికి రెండు సాయంత్రాలు లైబ్రరీలో ఒక మూల అడిగి చూడండి. పైన చెప్పిన వాటిలో ఏదీ ఖర్చుతో కూడినది కాదు.

7. చివరి ఐదు నిమిషాలు వాళ్లవి

“ఇవాళ మనం ఇవి చూశాం” అని మీరు అప్పజెప్పకండి. “ఇంటికెళ్లి మొదట ఏం చేస్తావు?” అని అడగండి. చెప్పింది వాళ్ల చేతే కాగితం మీద రాయించండి. మూడు పనులకు మించనివ్వకండి. ఏడు రాసుకున్న మనిషి ఒక్కటీ చేయరు. మూడింటిలో మొదటిదాన్ని మీ ముందే మొదలుపెట్టించగలిగితే మరీ మంచిది.

వాళ్లు వెళ్లాక సెషన్ నోట్ రాయాలి. దాన్ని విద్యార్థి కూడా చదవొచ్చు అనుకునే రాయండి. “గ్రామర్ చాలా పూర్” అని రాస్తే తర్వాత చూసే ట్యూటర్‌కి ఏమీ తెలియదు, విద్యార్థి చూస్తే మనసు కష్టపెట్టుకుంటుంది. “కాలిఫోర్నియా చట్టాన్ని మొదటి పేరాలోకి తెచ్చింది, అవతలి పక్షానికి జవాబు ఇంకా రాయాలి, గురువారం మళ్లీ వస్తానంది” అని రాస్తే, గురువారం మీరు సెలవులో ఉన్నా ఇంకొకరు అందుకోగలరు.

నోట్ సేవ్ చేశాక తర్వాతి అపాయింట్‌మెంట్ తెరిచి పేరు చూడండి. నోరు తిరగకపోతే వాళ్లు వచ్చాక “మీ పేరు ఎలా పలకాలి?” అని అడగండి. మీ పేరును ఈ దేశంలో ఎన్ని రకాలుగా పలికారో మీకు తెలుసు కదా, వాళ్లకీ అలాగే ఉంటుంది.